స్నేహితురాలి కుక్కను చూసుకున్నందుకు డబ్బు అడగడం తప్పా?

పటమట_వాసి
ఇంజనీరింగ్ కాలేజీ నాటి నుంచి నాకు స్నేహితురాలైన ఒకామె వేసవి సెలవులకు కుటుంబంతో ఊటీ వెళ్లింది. వాళ్ల లాబ్రడార్‌నూ రెండు పిల్లులనూ మా ఇంట్లో వదిలింది. దసరాకూ సంక్రాంతికీ ఇలాగే వదిలితే ఏమీ అడగలేదు. ఈసారి తిరిగి వచ్చాక మూడింటికీ కలిపి రోజుకు 300 చొప్పున ఇవ్వమన్నాను. ఇచ్చింది, కానీ అప్పటి నుంచి ఫోను ఎత్తడం లేదు. జంతువులను డబ్బుకు ఉంచుకునే చోట ఒక్క కుక్కకే రోజుకు 700 కట్టానని ఒకప్పుడు తనే చెప్పింది. నేను చేసింది తప్పా?

బ్రాడీపేట_4వ_లైను
తప్పే. అడగదలిస్తే ముందే అడగాలి. తీసుకునేటప్పుడు నవ్వుతూ తీసుకుని, తిరిగి ఇచ్చేటప్పుడు బిల్లు చేతిలో పెడితే అది స్నేహం కాదు. అసలు ఆ 300 దేనికి? మేత వాళ్లే తెచ్చి ఇచ్చి ఉంటారు కదా?

పటమట_వాసి
కుక్క మేత ఒక సంచి ఇచ్చారు, పిల్లులకు అదీ లేదు. కుక్క పొద్దున పెరుగన్నం లేకపోతే మూతి తిప్పుకుంటుంది. ఇక ఏసీ. మే నెలలో విజయవాడ ఎండ మీకు తెలియనిది కాదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని దారి. గది చల్లగా లేకపోతే తట్టుకోలేదు.

కృష్ణలంక_కుర్రాడు
ఏసీలో లాబ్రడార్, పెరుగన్నం. నన్నూ ఎవరైనా వదిలిపెట్టి ఊటీ వెళ్తే బాగుండు.

బ్రాడీపేట_4వ_లైను
ఏసీ దగ్గరే ఆగుదాం. అది మీ ఇంటి ఏసీ. కుక్క లేకపోయినా వేసేవారు. ఆ గదిలో మీరూ పడుకున్నారా లేదా? పడుకుని ఉంటే కరెంటు ఖర్చు కుక్క మీద వేయడం అన్యాయం.

అరండల్‌పేట_లెక్కలు
ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రంతా నడిస్తే సుమారు పది యూనిట్లు. నెల వాడకం 400 యూనిట్లు దాటిన ఇంట్లో ఆ పైన ప్రతి యూనిట్‌కూ 9 రూపాయల 75 పైసలు. అంటే రాత్రికి వందకు కొంచెం తక్కువ. పగలు కూడా వేస్తే ఆ 300లో మిగిలేది ఏమీ లేదు.

బ్రాడీపేట_4వ_లైను
400 దాటితేనే కదా. దాటిందో లేదో ఆవిడ చెప్పలేదు. పడుకున్నారో లేదో కూడా చెప్పలేదు.

గుణదల_గుమాస్తా
కరెంటు సంగతి కాసేపు పక్కన పెట్టండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో దీనికి దారి ఉంది. ప్రతిఫలం లేకుండా ఒకరి వస్తువును భద్రపరిచినవారికి అందుకు తప్పనిసరిగా అయిన ఖర్చును యజమాని తిరిగి ఇవ్వాలని 158వ సెక్షన్ చెబుతుంది. చట్టం లెక్కలో పెంపుడు జంతువూ సొత్తే. ఆ తర్వాతి 163వ సెక్షన్‌కు ఇచ్చిన ఉదాహరణే ఆవు: సంరక్షణకు వదిలిన ఆవు ఈనితే, దూడనూ ఆవుతోపాటు యజమానికి అప్పగించాలి. కాబట్టి ఖర్చు అడగడంలో తప్పు లేదు. శ్రమకు డబ్బు కావాలంటే మాత్రం ముందే మాట్లాడుకోవాల్సింది.

కృష్ణలంక_కుర్రాడు
లాబ్రడార్ పిల్లలు పెట్టినా పటమటవారికి ఒక్కటీ దక్కదన్నమాట.

సత్యనారాయణపురం_అత్తయ్య
మా పక్కింటివాళ్లు తిరుపతి వెళ్లినప్పుడల్లా వాళ్ల రామచిలుకను నేనే చూస్తాను. జామకాయ ముక్కలు పెడతాను. ఒక్క పైసా అడిగింది లేదు.

గుణదల_గుమాస్తా
అమ్మా, రామచిలుకను పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. డబ్బు తీసుకోకపోయినా ఇంట్లో పెట్టుకోవద్దు.

సత్యనారాయణపురం_అత్తయ్య
జామకాయ పెట్టినందుకు జైలా! బాగుంది నాయనా.

మొగల్రాజపురం_పిల్లి
మా ఇంట్లో మూడు కుక్కలు ఉన్నాయి కాబట్టి ఒక మాట. డబ్బు కన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. టీకాల పుస్తకం ఇచ్చారా? పశువైద్యుడి నంబరు ఇచ్చారా? ద్రాక్ష, ఉల్లిపాయ, చాక్లెట్ కుక్కకు విషమని మీ ఇంట్లో పిల్లలకు చెప్పారా? పిడుదుల మందు ఎప్పుడు వేశారో అడిగారా? పిడుదులు కుట్టి జ్వరం వస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఆలస్యమైతే కుక్క చచ్చిపోతుంది కూడా. అప్పుడు మాట ఎవరి మీదకు వస్తుంది?

పటమట_వాసి
పుస్తకం ఇవ్వలేదు. మధ్యలో కుక్కకు విరేచనాలు పట్టుకుంటే మధ్యాహ్నం ఎండలో ఆటో మాట్లాడుకుని డాక్టరు దగ్గరకు నేనే తీసుకెళ్లాను. ఫోను చేస్తే, "ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు, నువ్వే ఏదో ఒకటి చూడు, ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా" అంది. డాక్టరు ఫీజు ఆ 300లో కలపలేదు.

బ్రాడీపేట_4వ_లైను
మళ్లీ అడుగుతున్నాను. ఏసీ గదిలో మీరూ పడుకున్నారా?

పటమట_వాసి
లేదండీ! పడుకోలేదు! కుక్క బొచ్చు మా అత్తగారికి పడదు, ఆయాసం వస్తుంది. అందుకని దాన్ని ఆ గదిలో పెట్టి తలుపు మూసి, మేమందరం హాల్లో ఫ్యాను కింద పడుకున్నాం. మా అబ్బాయికి ఒళ్లంతా చెమటకాయలు. ఇప్పుడు తృప్తిగా ఉందా? నా కడుపుమంట కరెంటు బిల్లు కాదు. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా" అన్న ఆ మాట. తన ఉద్యోగంలో గంటకు ఇంత అని లెక్క ఉంది. నా రోజుకు మాత్రం ధర లేదు. ఆ ఫోను పెట్టేసిన తర్వాతే 300 అడగాలని నిర్ణయించుకున్నాను.

మొగల్రాజపురం_పిల్లి
ఇది మొదటే రాసి ఉంటే ఇంత చర్చ అవసరమయ్యేది కాదు.

బ్రాడీపేట_4వ_లైను
సరే, నేనూ అసలు సంగతి చెబుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మేం అజిత్‌సింగ్ నగర్‌లో ఉండేవాళ్లం. కింది వాటా మునిగింది. పడవలో మనుషులకే చోటు లేదు, మా కుక్క మేడ మీదే ఉండిపోయింది. నీళ్లు కాస్త తగ్గగానే తాడేపల్లి నుంచి నా స్నేహితుడు ట్రాక్టరు మాట్లాడుకుని వచ్చి దాన్ని తీసుకెళ్లాడు. మా ఇంట్లో బురద ఎత్తి, గోడలు ఆరేదాకా ఉంచుకున్నాడు. నేను ఎంత బతిమాలినా రూపాయి ముట్టలేదు. అదే అతను 300 చొప్పున తీసుకుని ఉంటే ఆ రోజుతో మా లెక్క చెల్లిపోయేది. చెల్లకుండా ఉంది కాబట్టే వాడి కూతురి పెళ్లికి నేను పది రోజుల ముందే వెళ్లి పందిరి పనులు చూశాను. మీరు డబ్బు తీసుకుని ఆవిడకు ఆ అవకాశం లేకుండా చేశారు. నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

అరండల్‌పేట_లెక్కలు
మొదటి నుంచీ మీరు అంటున్నది ఏసీ గురించి.

పటమట_వాసి
వరద వేరు, ఊటీ వేరు. ఆపదలో ఎవరైనా వస్తే నేనూ తలుపు తీస్తాను, డబ్బు మాట ఎత్తను. ఇక చెల్లని లెక్క అంటున్నారు. మా ఇద్దరి మధ్య అది దసరా నుంచీ నా వైపే పేరుకుపోతోంది. పోయిన నెల మా అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఒక గంట మా అబ్బాయిని చూడమంటే "మీటింగ్ ఉంది" అంది. సరే, ఒకటి అడుగుతాను. తాడేపల్లిలో మీ కుక్కకు రోజూ అన్నం పెట్టింది, కింద శుభ్రం చేసింది ఎవరు? మీ స్నేహితుడా, ఆయన భార్యా?

బ్రాడీపేట_4వ_లైను
ఆవిడే. వాడికి దుకాణం ఉంది కదా, పగలంతా ఎక్కడ కుదురుతుంది? అయినా దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

సత్యనారాయణపురం_అత్తయ్య
ఆవిడను ఎవరైనా అడిగారా నాయనా?

బ్రాడీపేట_4వ_లైను
వరద రోజుల్లో అడగడాలు, చెప్పడాలు ఉంటాయా అమ్మా? ఆవిడ నాకు చెల్లెలి లాంటిది. మేం ఊరికే వదిలేయలేదు. ఇల్లు సర్దుకున్నాక ఇంటికి పిలిచి చీర పెట్టాం.

అరండల్‌పేట_లెక్కలు
ఏం చీర?

బ్రాడీపేట_4వ_లైను
ధర్మవరం పట్టు.

అరండల్‌పేట_లెక్కలు
రోజుకు 300 కన్నా ఎక్కువే పడి ఉంటుంది.

బ్రాడీపేట_4వ_లైను
చీర వేరు, డబ్బు వేరు. మీకు అర్థం కాదు.

పటమట_వాసి
నాకు చీర పెట్టినా తీసుకునేదాన్నే. ఊటీ నుంచి చాక్లెట్ల పొట్లం తెచ్చింది. అదీ పిల్లవాడి చేతిలో పెట్టి, గుమ్మంలోంచే కుక్కను తీసుకుని వెళ్లిపోయింది.