‘జాలి వేసింది’, ‘జాలి పడ్డాను’, ‘జాలి చూపించాను’: వెలివాడ పాటకి ఏది కావాలి?

(మాట్లాడేవాళ్ళని విశాఖ వైపు వాళ్ళ పేటల, ఊళ్ళ పేర్లతోనే పిలుస్తున్నాం.) సీతమ్మధార నుంచి ప్రశ్న: అంటరానితనం మీద ఓ విషాద గీతం రాస్తున్నాం, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పాడడానికి. పల్లవి ఇది:

వెలివాడ దీనుల కన్నీటి గాథ
జాలితో వినరండి సోదరులారా

శోకరసం సరిపోయిందా? ‘జాలి’ బదులు ‘కరుణ’ అంటే బరువు పెరుగుతుందా?

మద్దిలపాలెం: ముందు ఓ సవరణ. శోకరసం అని లేదు. శోకం స్థాయీభావం, అంటే రసానికి మూలమైన భావం; రసం పేరు కరుణ. తెలుగులో కరుణ అంటే దయ అనే అర్థం స్థిరపడిపోవడంతో, కరుణరసం అంటే దయ పుట్టించే పాట అనుకుంటున్నాం. అలంకారశాస్త్రం ప్రకారం అక్కడున్నది దుఃఖమే. దయ పుడుతుందా లేదా అన్నది వినేవాడి సంగతి.

‘జాలి’ మాటకీ రెండు ముఖాలున్నాయి. పాత తెలుగులో అది దుఃఖం కూడా. ఇప్పుడు ఎదుటివాడి దుఃఖం చూసి మనకి కలిగేదే మిగిలింది. దాని పక్కన ఏ క్రియ వాడుతున్నామో చూడండి. ‘నాకు జాలి వేసింది’ అంటే ఆకలి వేసినట్టు, భయం వేసినట్టు, నా ప్రమేయం లేకుండా వచ్చింది. ‘జాలి పడ్డాను’లో కర్తని నేను. ‘జాలి చూపించాను’కి వచ్చేసరికి నేను గట్టు మీద, వాడు గోతిలో. మీ ‘జాలితో వినరండి’ ఈ మూడోదే. వెయ్యాల్సిన జాలిని ముందే వడ్డించేశారు.

గాజువాక: విభక్తి కూడా చూడండి. జాలి సాధారణంగా ‘మీద’నే కోరుతుంది: వాడి మీద జాలి, వాళ్ళపై జాలి. కరుణ అని మార్చినా ‘మీద’ పోదు. ‘దీనులు’ అన్న బహువచనం ఇంకో తంటా. ఏటండీ, ఒక్క మనిషి కూడా కనబడడేం ఆ పాటలో?

సీతమ్మధార: ‘వెలివాడ’ అయినా ఉంచవచ్చా?

మద్దిలపాలెం: భేషుగ్గా. వెలి అంటే బయట; తమిళంలో వెళి, మనకి వెలుపల, వెలువడు, వెలివేత. (వెలిదమ్మి, అంటే తెల్లతామర, అందులో వెలి వేరు, అది తెలుపు.) వాడని ఊరికి వెలుపల పెట్టిన పనంతా ఆ ఒక్క మాటలో ఉంది. పక్కన ‘దీనుల’ తగిలిస్తే దాని పదును పోతుంది.

భీమిలి: మన పక్క విజయనగరం గురజాడ ‘లవణరాజు కల’ గేయంలో ఏం చేశారో చూడండి.

మంచి చెడ్డలు మనుజులందున
ఎంచి చూడగ రెండె కులములు
మంచి యన్నది మాల యైతే
మాల నేనగుదున్

మొదటి మూడు పాదాలూ 3+4+3+4, పద్నాలుగేసి మాత్రలు (మాత్ర అంటే ఓ హ్రస్వాక్షరం పలికేంత కాలం). నాలుగోది తొమ్మిది దగ్గర తెగిపోయింది. తెగిన చోట ఉన్నది ‘నేను’. మాల మీద జాలి అనలేదు, మాల నేనగుదున్ అన్నాడు.

గాజువాక: అది ఏడుపు పాట కాదుగా, ప్రతిజ్ఞ. అడిగింది విషాద గీతం.

భీమిలి: నిజమే. ఆ పాదాల కట్టు మాత్రం తీసుకోవచ్చు. శోకాలు పెట్టడానికీ మొర పెట్టుకోడానికీ తేడా ఉంది. శోకం పోయినవాళ్ళని పిలుస్తుంది, జవాబు రాదు. మొరకి వినేవాడు ఉండాలి. రెండింట్లోనూ సంబోధన పాదం చివరికి వచ్చి సాగుతుంది: కొడుకా, తండ్రీ, అమ్మా. మీ ‘సోదరులారా’ కూడా చివర్నే ఉంది గాని అది సభలో పిలుపు. నూతి దగ్గర ఎవరి దోసిలి, ఎవరి కుండ అన్నది చెప్పి చూడండి:

దోసి లొగ్గితి నూతి గట్టున
కుండ తాకని ఎత్తు నుంచీ
నీరు పోస్తే సగము మట్టికె
సగమె నాకమ్మా

మద్దిలపాలెం: ఇందులో జాలి అన్న మాటే లేదు, బాగుంది. ఎత్తి పోసిన నీళ్ళు దోసిట్లో నిలవవు, మోచేతుల మీదుగా కారిపోతాయి. ‘సగము’ అందుకే అబద్ధంగా లేదు. ‘అమ్మా’ అన్నది నీళ్ళు పోసిన ఆవిడనే. ఆవిణ్ణి తిట్టకుండా పిలవడంతో, వినేవాళ్ళు ఆవిడ స్థానంలోకి వెళ్ళిపోతారు. అయితే శాస్త్రకారులు ఒప్పుకోరేమో! కరుణ నిరపేక్షం, ఆశ వదులుకున్నది. పిలుపులో ఇంకా ఆశ ఉంది కదా.

గాజువాక: ఒప్పుకోకపోతే మానె. పాడేటప్పుడు జాగ్రత్తలు చెప్తాను. 3+4 అంటే మిశ్రచాపు, ఏడు మాత్రల తాళం; పాదానికి రెండు ఆవృత్తాలు, అంటే రెండు చుట్లు. వేగం పెంచితే గంతులు వేసే పాట అయిపోతుంది. నాలుగో పాదం తొమ్మిది మాత్రలే కాబట్టి మిగతా అయిదూ ‘మా’ మీద సాగదీయాలి. ఆ అయిదు మాత్రలూ డప్పు ఆగకూడదు. ఆగితే పాట అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టేస్తారు, రెండో చరణం అందులో మునిగిపోతుంది. విషాదం అనగానే శివరంజని రాగం అందుకోకండి. ఆ అయిదు స్వరాలూ వినగానే మాట వినకముందే కళ్ళు తుడుచుకోడానికి సిద్ధమైపోతారు, నూతి గట్టు ఎవరికీ కనబడదు.

సీతమ్మధార: ‘నీరు’ కాదు, ఇక్కడ ‘నీలు’ అంటారు కదా. మార్చనా?

భీమిలి: మార్చండి, మాత్రలు చెడవు. అయితే ‘పోస్తే’ని ‘పోత్తే’ కూడా చెయ్యాలి. ఒక మాట వాడుకలోనూ పక్కమాట పుస్తకంలోనూ ఉంటే వేషం కట్టినట్టుంటుంది.