తెలుగు రాని అమ్మాయికి క్షేత్రయ్య పదం నేర్పేదెలా?

పుణెలో కూచిపూడి నేర్పుతున్నాను. నా శిష్యురాలు మరాఠీ అమ్మాయి, పదహారేళ్లు. అడుగు, తాళం ఎక్కడా తప్పదు. ఇప్పుడు నేర్పుతున్నది క్షేత్రయ్య పదం, ఖండిత నాయిక, అంటే రాత్రి వేరే స్త్రీ దగ్గర గడిపి వచ్చిన ప్రియుడిపై కోపంగా ఉన్న నాయిక. తెల్లవారాక వచ్చిన మువ్వగోపాలుణ్ణి తీయటి మాటలతోనే ఎత్తిపొడవాల్సిన చోట, ఈ పిల్ల ముఖంలో నిజమైన స్వాగతమే కనిపిస్తోంది. గాయని ఆ పంక్తిని ఇంకొకసారి పాడితే చేతులు ఆగిపోతాయి. ఒకే పంక్తిని రకరకాలుగా అభినయించే సంచారి అంటేనే అప్పటికప్పుడు అల్లుకోవడం కదా, నా టెన్షన్ అక్కడే.

ప్రతిపదార్థం మరాఠీలో రాసిచ్చాను. ఆట లేకుండా పాట పాడించాను. అదే సన్నివేశం మరాఠీ మాటల్లో చెయ్యమంటే అద్భుతంగా చేస్తుంది. తెలుగు పాట మొదలవగానే కళ్లలో ఏమీ పలకదు.

భాష రానివాళ్లకు పదాభినయం నేర్పినవాళ్లు, అలా నేర్చుకున్నవాళ్లు చెప్పండి: ముందు మాట్లాడే తెలుగు నేర్పాలా, లేక అర్థం తెలిస్తే చాలు, ఆ ఎత్తిపొడుపు పలికించే సాధన వేరే ఉందా?