అప్‌డేట్: కేథరిన్ రాణి ఎందుకు తలవంచలేదో ఇప్పుడు అర్థమైంది

పోయిన నెల అడిగాను కదా, ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ, చనిపోయిన అన్న భార్యని చేసుకున్నాను కాబట్టి ఈ పెళ్లే చెల్లదంటూ వదిలించుకోవాలని చూసినప్పుడు అతని మొదటి భార్య కేథరిన్ ఆఫ్ ఆరగాన్ సరేనని పక్కకు తప్పుకుని ప్రశాంతంగా బతకొచ్చు కదా, ఎందుకంత పట్టుదల అని. మీరు చెప్పినవి చదివాక నా ప్రశ్నే తప్పని తెలిసింది.

పెళ్లి చెల్లదని ఒప్పుకోవడమంటే, ఇన్నేళ్లూ భార్యగా కాకుండానే అతనితో ఉన్నానని తన నోటితో తనే చెప్పడం. కూతురు మేరీకి సింహాసనం మీదున్న హక్కుకీ అది గండమే. 1513లో భర్త ఫ్రాన్స్‌లో యుద్ధంలో ఉంటే రాజ్యాన్ని చూసుకున్నది ఈమే, ఫ్లోడెన్ అనే చోట ఇంగ్లండ్ సైన్యం స్కాట్లాండ్ సైన్యాన్ని ఓడించింది అప్పుడే!

నన్ను బాగా కదిలించింది 1529 జూన్ 21. లండన్‌లో బ్లాక్‌ఫ్రైయర్స్ అనే మఠంలో, ఆ పెళ్లి చెల్లుతుందా లేదా అని విచారణ. అందరి ముందూ హెన్రీ కాళ్ల దగ్గర మోకరిల్లి, మీ దగ్గరికి కన్యగానే వచ్చాను, మొదటి భర్త, మీ అన్న ఆర్థర్ నన్ను తాకలేదు, అది మీ మనస్సాక్షికే వదిలేస్తున్నాను అని చెప్పి లేచి వెళ్లిపోయింది. వెనక్కి పిలిచినా ఆగలేదు. ఇది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు నాకు.

1531 తర్వాత కూతుర్ని చూడనివ్వలేదు. అదే అన్నిటికన్నా పెద్ద అన్యాయం అనిపిస్తోంది. 1536 జనవరి 7న కింబోల్టన్ కోటలో, యాభై ఏళ్లకే పోయింది. రాణిగా కాదు, ఆర్థర్ వితంతువుగా పాతిపెట్టారు.

ఇప్పుడు ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో కెథీడ్రల్ అనే పెద్ద చర్చిలో ఆమె సమాధి దగ్గర బంగారు అక్షరాల్లో ఇంగ్లండ్ రాణి అనే ఉంది. జనం ఆమె చిహ్నమైన దానిమ్మపళ్లు తెచ్చి పెడుతున్నారు.