లేటెన్సీని ‘ఆలస్యం’ అనొచ్చా?

అనంతపురం నుంచి అడుగుతున్నా. పిల్లల కోసం నెట్‌వర్క్ పాఠం ఒకటి తెలుగులో రాస్తూ ‘లేటెన్సీ’ (పంపిన డేటా అవతలికి చేరడానికి పట్టే సమయం) దగ్గర ఆగిపోయాను. ఆలస్యం, జాప్యం, తాత్సారం, ఏది వేయమంటారు?

కర్నూలు నుంచి:
తాత్సారం వద్దే వద్దన్నా, అది కావాలని నాన్చడం. ఆలస్యం కూడా నాకు నచ్చదు. సంస్కృతంలో ఆ మాటకు అర్థం బద్ధకం. తెలుగులో లేటు అనే అర్థం స్థిరపడినా, ఎవరిదో తప్పున్నట్టే వినిపిస్తుంది. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, మా ఊరి నుంచి హైదరాబాదు 200 పైచిలుకు, అంటే పోవడానికి ఒక మిల్లీసెకను, రావడానికి ఇంకొకటి ఎటూ తప్పవు, ఇందులో బద్ధకం ఎవరిది?

మనకు ‘సేపు’ ఉంది కదా. వీధి కుళాయి దగ్గర బిందెల వరుస తలచుకో. దారిలో పట్టేది నడిచే సేపు. మన బిందెకు పట్టేది నిండే సేపు: 1500 బైట్ల ప్యాకెట్ (డేటాను ముక్కలు చేసి పంపే మూట, అదే మన బిందె) సెకనుకు 10 మెగాబిట్ల లైన్లోకి ఎక్కడానికి 1.2 మిల్లీసెకన్లు. ముందున్న బిందెలన్నీ నిండేదాకా నిలబడే సేపు. ప్యాకెట్‌ను దారి చూసి పంపే పెట్టె, రౌటర్, చిరునామా చూసే సేపు ఒకటుంది గానీ అది చాలా తక్కువ, వదిలేయ్. కొట్లాటంతా నిలబడే సేపుతోనే (కుళాయి దగ్గరా అంతే).

అనంతపురం:
పేర్లు బాగున్నాయి. కానీ పింగ్ కొడితే (ఒక ప్యాకెట్ పంపి బదులు ఎంతసేపటికి వచ్చిందో చూస్తే) వచ్చేది ఒకటే అంకె, ఏ సేపు ఎంతో ఎట్లా తెలిసేది?

కర్నూలు:
తెల్లవారుజామున వందసార్లు కొట్టి అన్నిటికన్నా చిన్న అంకె పట్టుకో, అందులో నిలబడే సేపు దాదాపు ఉండదు. సాయంత్రం దాని పైన ఎంత పెరిగితే అంతా వరుసదే. మా ఇంట్లో 14 మిల్లీసెకన్లు ఉండేది పిల్లోడు వీడియో అప్‌లోడ్ పెడితే 300 దాటింది, నేను లైన్ వాళ్లను తిట్టుకున్నా, తీరా చూస్తే మా రౌటర్ బఫర్‌లో (ప్యాకెట్లు వరుసలో ఆగే చోట) పేరుకున్న బిందెలు! నిండే సేపు కావాలంటే చిన్న ప్యాకెట్, పెద్ద ప్యాకెట్ పంపి తేడా చూడు.

కడప నుంచి:
మరి ట్రేస్‌రూట్‌లో (దారిలో ఒక్కో రౌటర్ నుంచి బదులు ఎంతసేపటికి వస్తుందో చూపేది) మధ్య రౌటర్ దగ్గర 200, చివర 20 కనిపిస్తే అది ఏ సేపు సార్?

కర్నూలు:
ఆ మధ్య రౌటర్ మన ప్యాకెట్లను బిర్నా ముందుకు పంపించేస్తుంది, మనం అడిగినదానికే తీరిగ్గా బదులిస్తుంది. అక్కడ వేసుకోండి మీ ‘ఆలస్యం’.