చెరువుకట్ట మీది కొంగలు నీటిని పాడు చేస్తున్నాయా?

మత్స్య సంఘం సభ్యుడు, నర్సంపేట వైపు:
మా చెరువుకట్ట మీది తుమ్మచెట్లపై రాత్రిపూట వందల కొంగలు వాలుతున్నాయి. ఎండాకాలంలో ఆ పక్క నీరు పచ్చబడి వాసన కొడుతున్నది. వానాకాలంలో వదిలిన చేపపిల్లలను కూడా అవే మింగుతున్నాయని, చెట్లు కొట్టించాలని సంఘంలో అంటున్నారు. అది సరైనదేనా?

హనుమకొండ నుంచి:
కొంగల రెట్టతో నీరు పచ్చబడదని నేను అనను. అందులోని నత్రజని, భాస్వరం నీరు తగ్గినకొద్దీ చిక్కబడి పాచిని పెంచుతాయి. ఆ పాచి రాత్రివేళ ప్రాణవాయువును వాడుకోవడం వల్ల తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అయితే కొంగ ఎక్కడ మేసి ఎక్కడ నిద్రపోతుందో చూడకుండా దాన్ని తప్పుపట్టలేము. పొలాల్లో మిడతలను, ఎండ్రకాయలను తిని కట్టమీద వాలే కొంగ బయటి సారాన్ని చెరువులోకి తెస్తుంది. చెరువులోనే మేసి అక్కడే వాలేది ఉన్న సారాన్నే తిప్పుతుంది. చెరువులో మేసి ఊళ్లోని చింతచెట్టు మీద వాలేది సారాన్ని బయటికి మోసుకుపోతుంది. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు రెట్ట కలిసిన చెరువు నీటిని పొలానికి ఎరువుగా భావించి, ఆ పక్షులను తరతరాలుగా కాపాడుకుంటున్నారు. డీఏపీ బస్తాలకు డబ్బు పోసే మన ఆయకట్టు రైతులు కూడా ఆలోచించవలసిన సంగతి ఇది.

ములుగు నుంచి:
పొలానికి మేలైన నీరు చేపకు, పశువుకు మేలు కావాలని లేదు కదండీ. పైగా మే నెలలో తూము నుంచి చుక్క కూడా పారదు.

హనుమకొండ నుంచి:
మీ మాట ఒప్పుకుంటున్నాను. తూము పారని రోజుల్లో చేరిన భాస్వరం చాలావరకు చెరువు అడుగు మట్టిలోనే నిలిచిపోతుంది. కానీ ఊరి మురుగుకాలువ, ఎరువు వేసిన మడుల నీరు కూడా ఆ చెరువులోకే దిగుతున్నప్పుడు, వాటిని ఆపకుండా చెట్లు కొడితే పచ్చదనం తగ్గుతుందన్న భరోసా లేదు. చేపల విషయానికొస్తే, కొంగ తన కాళ్లు అందేంత లోతులోనే వేటాడుతుంది. లోతులో మునిగి పట్టేది నీటికాకి. చేపపిల్లలను అంచున గుమ్మరించకుండా, కాస్త పెద్దవాటిని నడిచెరువులో వదిలితే కొంగల వల్ల కలిగే నష్టం చాలావరకు తగ్గుతుంది. గొడ్డలి ఎత్తే ముందు పది రోజులు తెల్లవారుజామున కట్టమీద నిలబడి, అవి పొలాల వైపు పోతున్నాయో, శిఖంలోకే, అంటే చెరువు లోపలికే దిగుతున్నాయో లెక్క రాసుకోండి. మురుగు దిగే మూల, తుమ్మచెట్ల మూల, ఏది ముందుగా పచ్చబడుతుందో కూడా చూడండి.