తెలుగు టీవీ యాడ్లలో ఆడ-మగ మూసల్ని లెక్కించడం ఎలా? షీట్‌లో ఏ కాలమ్స్ పెట్టాలి?

జర్నలిజం_ఫైనలియర్:

ఎం.ఏ. డిసర్టేషన్‌కి తెలుగు ఎంటర్‌టైన్‌మెంట్ ఛానళ్ల ప్రైమ్ టైమ్ యాడ్లు తీసుకున్నాను. రాత్రి 7 నుంచి 10 దాకా రికార్డు చేసి, ఒక్కో యాడ్‌లో ఆడవాళ్లు ఎందరు, మగవాళ్లు ఎందరు, ఎంతసేపు కనిపించారు అని ఎక్సెల్‌లో ఎక్కించాలన్నది ప్లాన్. తీరా పైలట్‌లో (ముందుగా చేసిన చిన్న ట్రయల్‌లో) ఆడవాళ్లే ఎక్కువ తేలుతున్నారు. గైడ్ గారేమో "మరి వివక్ష ఎక్కడమ్మా?" అంటున్నారు. చూస్తే కనిపిస్తోంది, లెక్కలో మాత్రం దొరకడం లేదు.

నా సందేహాలు:
1. తలలు కాకుండా ఇంకేం లెక్కపెట్టాలి?
2. ఎన్ని సాయంత్రాలు చాలు? ఒకే యాడ్ ఇరవై సార్లు వస్తే ఒకటా, ఇరవయ్యా?
3. రెండో కోడర్ (అవే యాడ్లు చూసి విడిగా షీట్ నింపే ఇంకో మనిషి) తప్పనిసరా?
4. మరీ అన్యాయంగా ఉన్న యాడ్ మీద ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

---

పాత_కోడ్‌బుక్:

మీ పైలట్‌లో తేడా ఏమీ లేదండి. మీడియాలో ఆడ-మగ చిత్రణ మీద పరిశోధన చేసే జీనా డేవిస్ ఇన్‌స్టిట్యూట్, యూనిసెఫ్ కలిసి మన దేశంలో 2019లో టీవీ, యూట్యూబ్‌లలో వచ్చిన యాడ్లను పరిశీలించి 2021లో ఒక నివేదిక ఇచ్చాయి. అందులోనూ తెర మీద సమయంలో 59.7 శాతం, మాట్లాడే సమయంలో 56.3 శాతం ఆడవాళ్లదే. అదే నివేదికలో ఇంకో పేజీ తిప్పితే, తల్లిగానో తండ్రిగానో కనిపించేది స్త్రీ పాత్రల్లో 18.7 శాతం, పురుష పాత్రల్లో 5.9 శాతమే. డిటర్జెంటు, మసాలా, పిల్లలు పాలలో కలుపుకునే పొడి, ఇవన్నీ కొనేది ఇల్లాలే అని కంపెనీల లెక్క. అందుకే ఆమెను చూపిస్తారు. కనిపించడం ఆమె వంతు, తెలిసి చెప్పడం ఎవరి వంతో అది మీరు పట్టుకోవాలి. గైడ్ గారికి ఆ రెండు జతల అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించండి.

కాలమ్స్ కొత్తగా కనిపెట్టక్కర్లేదు. అమెరికా టీవీ యాడ్ల మీద 1975లో మెకార్థర్, రెస్కో అనే పరిశోధకులు వాడిన పద్ధతినే ఇప్పటికీ చాలా దేశాల్లో కొద్ది మార్పులతో వాడుతున్నారు. ముందు ముఖ్య పాత్రను ఎంచుకోవాలి. యాడ్‌కి ఇద్దరికి మించి వద్దు. మాట ఉన్నవాళ్లు, లేదా వస్తువుని చేత్తో పట్టుకున్నవాళ్లు, లేదా క్లోజప్‌లో ఎక్కువసేపు ఉన్నవాళ్లు. వెనక డాన్సు చేసే గుంపునీ పెళ్లి సీన్లో బంధువుల్నీ లెక్కలోకి తెస్తే షీట్ చెత్తబుట్ట అవుతుంది. ఆ ఒక్కో పాత్రకీ: ఆడ/మగ, సుమారు వయసు, చోటు (ఇల్లు, ఆఫీసు, బయట), సంబంధం (భార్య, తండ్రి, డాక్టరు, కస్టమర్...), హోదా, వాదన, ఫలితం.

వీటిలో అసలు పని చేసేవి చివరి మూడే. హోదా అంటే ఆ మనిషి వస్తువుని వాడే మనిషా, దాని గురించి తెలిసిన మనిషా అని. వాదన అంటే కారణం చెప్పి కొనమంటున్నారా, ఊరికే బాగుందంటున్నారా. ఫలితం అంటే కొన్నందుకు ఆ పాత్రకి దక్కేది ఏమిటి: మెప్పా, అందమా, డబ్బా, ప్రమోషనా, విశ్రాంతా. మరక యాడ్ గుర్తు తెచ్చుకోండి. ఆమె కంగారు పడుతుంది, తెల్లకోటు ఆయన సైన్సు చెబుతాడు, ఆమె నవ్వుతుంది, అత్తగారు మెచ్చుకుంటుంది. తెర మీద ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగవాడు. హోదా కాలమ్ చూస్తే తెలిసినవాడు ఒక్కడే.

నేనైతే ఇంకో రెండు కలుపుతాను. ఒకటి, ఫ్రేములో పని చేస్తున్నది ఎవరు, కూర్చున్నది ఎవరు. రెండోది, పొరపాటు ఎవరిది, దిద్దేది ఎవరు. ఇంటి చోటునీ ఉద్యోగపు చోటునీ ఒకే గడిలో కుక్కకండి. 2014లో బాగా చర్చకు వచ్చిన ఎయిర్‌టెల్ యాడ్ ఉంది కదా, ఆఫీసులో ఆమె బాస్, భర్త ఆమె కింద ఉద్యోగి. అతనికి పని పురమాయించి తను ఇంటికెళ్లి వంట చేసి, వీడియో కాల్‌లో వంటకాలు చూపించి రమ్మంటుంది. 'వృత్తి' అని ఒక్క గడే ఉంటే ఇది అభ్యుదయ యాడ్‌గా తేలుతుంది. రెండు గడులు ఉంటే రెండూ తేలతాయి.

శాంపిల్ సంగతి. కేబుల్ టెలివిజన్ నిబంధనల్లోని రూల్ 7(11) ప్రకారం యాడ్లు గంటకి 12 నిమిషాలు మించకూడదు. అందులో వాణిజ్య ప్రకటనలు 10 నిమిషాలు, ఛానల్ సొంత ప్రోమోలు 2 నిమిషాలు. యాడ్‌కి సగటున 20 సెకన్లు అనుకుంటే గంటకి 30, మీ మూడు గంటలకి 90 స్పాట్లు. నిజంగా అంతే వేస్తున్నారని నమ్మకుండా స్టాప్‌వాచ్ పెట్టి చూడండి, అదే మీకు ఒక చిన్న ఫలితం.

వరసగా ఏడు రోజులు తీసుకోవద్దు. ఒక వారం సోమవారం, తర్వాతి వారం మంగళవారం, ఇలా ఏడు వారాల నుంచి ఏడు రోజులు కూర్చండి. ఆషాఢం సేల్స్‌లో వరస వారం తీసుకుంటే చీరలూ నగలే వచ్చి మీద పడతాయి. ఐపీఎల్ రోజుల్లో లెక్క ఇంకో వైపు ఒరుగుతుంది.

రిపీట్లకు రెండు షీట్లు పెట్టుకోండి. మొదటి దానిలో ప్రతి యాడ్ ఒక్కసారే, పూర్తి కోడింగ్‌తో, అంటే కాలమ్స్ అన్నీ నింపి. రెండో దానిలో యాడ్ నంబరు, ఛానల్, తేదీ, టైము, నిడివి మాత్రమే. 30 సెకన్ల వెర్షన్‌కీ 10 సెకన్ల కట్‌కీ వేరే నంబర్లు ఇవ్వాలి. పొడుగు వెర్షన్‌లో భర్త గిన్నెలు తోముతూ ఉంటాడు, కట్‌లో ఆ షాట్ ఎగిరిపోయి ఆమె, ప్యాక్ షాట్ (చివర వస్తువుని చూపించే షాట్) మిగులుతాయి. అవార్డుకి పంపేది మొదటిది, రోజూ తిరిగేది రెండోది.

---

డబ్బింగ్_గది:

పైన చెప్పినవి బాగున్నాయి గానీ తెలుగు యాడ్లకి ఒక ముఖ్యమైన సవరణ ఉంది. బొమ్మనీ గొంతునీ వేర్వేరుగా కోడ్ చేయాలి. పెద్ద కంపెనీల యాడ్లలో చాలావరకు ముంబైలో తీసిన హిందీ మాస్టర్ (అసలు వెర్షన్) మీద తెలుగు ఆడియో వేసినవే. పెదాలు కలవకపోవడం, వెనక బోర్డుల మీద హిందీ, చివర సూపర్ (తెర మీద పడే అక్షరాలు) మాత్రం తెలుగులో ఉండటం, ఇవీ ఆనవాళ్లు. చీరల షోరూములు, నగలు, రియల్ ఎస్టేట్, కార్పొరేట్ కాలేజీలు మాత్రం ఎక్కువగా ఇక్కడే తీస్తారు. 'మాస్టర్ భాష' అని ఒక కాలమ్ పెట్టి ఈ రెండు గుంపుల్నీ పోల్చండి. లేకపోతే ముంబై ఏజెన్సీ ఆలోచనని మీరు తెలుగు సమాజం ఖాతాలో వేసేస్తారు.

గొంతుల్లో మూడు రకాలు విడదీయాలి: పాత్ర మాట్లాడింది, కథ బయటినుంచి వచ్చే వాయిస్ ఓవర్, జింగిల్. జింగిల్ పాడిన అమ్మాయిని వాయిస్ ఓవర్ కింద రాస్తే ఆడగొంతుల లెక్క ఊరికే పెరుగుతుంది. వాయిస్ ఓవర్‌లోనూ ప్యాక్ షాట్ మీద వచ్చే చివరి లైను ఎవరిదో విడిగా రాయండి. ధర, గ్యారంటీ, "నంబర్ వన్" అన్నీ అక్కడే పడతాయి.

ఇంకోటి, ఇది ఇంగ్లిష్ కోడ్‌బుక్కుల్లో (ఏ గడిలో ఏం రాయాలో చెప్పే నియమాల పుస్తకాల్లో) దొరకదు. భార్యాభర్తల పిలుపులు. హిందీలో ఇద్దరూ 'తుమ్' అనుకున్న సీను తెలుగుకి వచ్చేసరికి ఆమె "ఏవండీ, మీరు", అతను "నువ్వు" అయిపోవడం మామూలే. మాస్టర్‌లో లేని హెచ్చుతగ్గు డబ్బింగ్ స్క్రిప్టులో పుట్టిందన్నమాట. బ్రాండ్ల యూట్యూబ్ ఛానళ్లలో హిందీ వెర్షన్ దొరికిన ప్రతి యాడ్‌కీ రెండూ పక్కపక్కన విని రాసుకోండి. డిసర్టేషన్‌లో ఒక అధ్యాయం దీంతోనే నిండుతుంది.

---

జర్నలిజం_ఫైనలియర్:

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. హోదా కాలమ్ దగ్గరే మా ఇద్దరు కోడర్లకీ పేచీ. నూటికి 84 కలుస్తున్నాయి. అది చాలదా?

---

లెక్కల_మాస్టారు:

చాలదమ్మా, ఎందుకో చూడు. 100 పాత్రలున్నాయి. మీ ఇద్దరూ చెరో 10 మందికి 'తెలిసిన మనిషి' అని, 90 మందికి 'వాడే మనిషి' అని వేశారనుకుందాం. ఇద్దరూ 'తెలిసిన' అన్నవి 2, ఇద్దరూ 'వాడే' అన్నవి 82. కలిసినవి 84. కానీ కళ్లు మూసుకుని అదే నిష్పత్తిలో టిక్కులు పెట్టినా 0.9 × 0.9 + 0.1 × 0.1, అంటే 82 శాతం వాటంతటవే కలుస్తాయి. ఆ యాదృచ్ఛిక కలయికని తీసేసి అసలు ఒప్పుదల ఎంతో చెప్పే కొలత కోహెన్ కప్పా = (0.84 – 0.82) ÷ (1 – 0.82) = 0.11. అంటే దాదాపు సున్నా. నీ ప్రశ్నకి ప్రాణమైన 'తెలిసిన' గడిలో ఇద్దరూ పదేసి వేస్తే రెండే కలిశాయి కదా.

అందుకే శాతం ఒక్కటే రాయకు. కప్పా గానీ, అలాంటిదే మరో కొలత క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా గానీ కాలమ్ కాలమ్‌కీ విడివిడిగా ఇవ్వాలి. ఆల్ఫా 0.80 దాటితే ధైర్యంగా రాయవచ్చు. 0.667కీ 0.80కీ మధ్యయితే తాత్కాలిక నిర్ధారణ అని చెప్పి రాయాలి, అంతకంటే తక్కువైతే ఆ కాలమ్ వదిలేయాలి. ఒక్కరే కోడ్ చేస్తే ఈ సంగతేదీ బయటపడదు, రెండో కోడర్ తప్పనిసరి అనేది అందుకే. అన్నీ ఇద్దరూ చేయక్కర్లేదు, యాదృచ్ఛికంగా తీసిన 10 నుంచి 20 శాతం చాలు. కాకపోతే అరుదైన గడులుంటే 20 వైపే ఉండు.

పేచీ తగ్గాలంటే మాట్లాడుకుని సర్దుకోవడం కాదు, నిబంధన రాయాలి. "యూనిఫాం, కోటు, డిగ్రీ పేరు, లేదా వస్తువు ఎలా పనిచేస్తుందో కారణంతో చెప్పిన వాక్యం: వీటిలో ఒక్కటున్నా తెలిసిన మనిషి. కోడలికి చిట్కా చెప్పే అత్తగారు కారణం చెబితేనే." శాంపిల్‌లో లేని యాడ్ల మీద సాధన చేసి, నిబంధన ఖాయమయ్యాక అసలు కోడింగ్ మొదలుపెట్టండి. మధ్యలో నిబంధన మారిస్తే మొదటినుంచీ మళ్లీ చేయాల్సిందే. వీలైతే కోడర్లలో ఒకరు ఆడ, ఒకరు మగ ఉంటే మంచిది.

ఆడ-మగ తేడా కాకతాళీయమా కాదా అని చూసే కై-స్క్వేర్ పరీక్ష వేసేటప్పుడు ఏ గడిలోనైనా అంచనా సంఖ్య 5 కంటే తగ్గితే ఫిషర్ పరీక్ష వాడు. ఒకే యాడ్‌లోని భార్యాభర్తలు స్వతంత్రమైన రెండు నమూనాలు కావు. ముఖ్య పాత్ర ఒక్కటే తీసుకుని ఇంకోసారి లెక్క వేసి, ఫలితం నిలుస్తుందో లేదో చూపించు.

---

నిబంధనల_గోల:

నాలుగో ప్రశ్నకి. చాలామంది 1986 నాటి స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం పేరెత్తుతారు. అది అసభ్యత గురించి. నిండుగా చీర కట్టుకుని ఒక్కతే ఇల్లంతా తుడుస్తున్న ఇల్లాలి యాడ్‌కి అది పనికిరాదు.

యాడ్లకి వెళ్లాల్సింది ముంబైలోని ఆస్కీకి, అంటే 1985లో మొదలైన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి. హానికర లింగ మూసల మీద వాళ్లు 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చారు. అది స్వయం నియంత్రణ సంస్థే గానీ, ఆస్కీ నియమావళిని ఉల్లంఘించే యాడ్ కేబుల్‌లో రాకూడదని రూల్ 7(9) చెబుతోంది కాబట్టి టీవీ యాడ్లకి దాని మాటకి చట్టం బలం ఉంది. పైగా రూల్ 7(2)(vi) స్త్రీని లొంగి ఉండే మనిషిగా, కుటుంబంలో రెండో స్థానానికి ప్రోత్సహించేలా చూపకూడదని నేరుగానే అంటుంది.

ఫిర్యాదులు ఎక్కడ వీగిపోతాయంటే, "ఆమెను వంటింట్లో చూపించారు" అని రాసినప్పుడు. మార్గదర్శకాలు దాన్ని తప్పనడం లేదు. ఆ పని ఆమెదే, ఎప్పుడూ ఆమెదే, మగవాడు చేసేది కాదు అన్నట్టు చూపితేనే తప్పు. మగవాడు కాళ్లు చాపుకుని కూర్చుంటే ఇంటిల్లిపాదీ పారేసిన చెత్త ఆమె ఒక్కతే ఎత్తడం, ఆడది కాబట్టి బండి పార్క్ చేయలేదనడం, మగాడు కాబట్టి పిల్లాడికి డైపర్ మార్చలేడనడం, మూసలో ఇమడని వాళ్లను వెక్కిరించడం, ఇవీ పట్టుబడేవి. మగవాళ్ల మూసలూ లెక్కే. బ్రిటన్‌లో ఇలాంటి నిబంధన 2019 జూన్‌లో అమల్లోకి వస్తే, ఆగస్టులో మొదట ఆగిన రెండు యాడ్లలో ఒకటి తిండి ధ్యాసలో పడి పిల్లల్ని మరిచిపోయే తండ్రుల చీజ్ యాడ్.

రాసేటప్పుడు బ్రాండ్, ఛానల్, తేదీ, టైము, భాష, క్లిప్ లేదా లింకు ఇవ్వండి. ఆ తర్వాత ఏ షాట్‌లో ఏ మాట, అది మార్గదర్శకాల్లో ఏ అంశానికి తగులుతుంది అన్నది రెండు మూడు వాక్యాల్లో. "మా మనోభావాలు దెబ్బతిన్నాయి" అన్న పేరా తీసేయండి. ఆస్కీ వెబ్‌సైట్‌లో గానీ వాట్సాప్‌లో గానీ పంపవచ్చు, ఖర్చు లేదు. డబ్బింగ్ లైను మీద ఫిర్యాదయితే తెలుగు మాటలు యథాతథంగా రాసి, పక్కన అర్థం ఇవ్వండి. హిందీ వెర్షన్‌లో ఆ లైను లేకపోతే అదీ చెప్పండి.

సీరియళ్లు, రియాలిటీ షోలయితే దారి వేరు. 2021లో సవరించిన నిబంధనల ప్రకారం ముందు ఛానల్‌కే రాయాలి. 24 గంటల్లో అందినట్టు రసీదు, 15 రోజుల్లో జవాబు రావాలి. జవాబు నచ్చకపోతే ఆ ఛానల్ సభ్యత్వం ఉన్న స్వయం నియంత్రణ సంస్థకి 15 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి.

---

పాత_కోడ్‌బుక్:

సీరియళ్ల మాట వచ్చింది కాబట్టి, గైడ్ గారు పోలిక కోసం అవి కూడా చేర్చమంటే బెక్డెల్ పరీక్ష వాడకండి. ఇద్దరు ఆడవాళ్లు మగవాడి గురించి కాకుండా మాట్లాడుకోవాలి, అంతే దాని షరతు. 1985 నాటి ఒక కామిక్ స్ట్రిప్‌లో సినిమాల మీద వేసిన చురక అది. మన సీరియల్లో అత్త, తోడికోడలు కలిసి పాలలో ఏం కలపాలో మాట్లాడుకున్నా పాసైపోతుంది. దాని బదులు సీనుని యూనిట్‌గా తీసుకుని, డబ్బు, ఆస్తి, ఉద్యోగం, చదువు, పెళ్లి, ప్రయాణం అనే ఆరు విషయాల్లో నిర్ణయం ప్రతిపాదించింది ఎవరు, కాదన్నది ఎవరు, చివరికి నెగ్గింది ఎవరి మాట అని మూడు కాలమ్స్ పెట్టండి. గంటకి ఇరవై సీన్లుంటే నిర్ణయం ఉన్నవి నాలుగైదే దొరకవచ్చు, కాబట్టి ఎపిసోడ్లు ఎక్కువ కావాలి. మీకున్న టైములో యాడ్లతో ఆపేయడమే మేలు.