ఇంటి లక్ష్యాలకు ఓకేఆర్ షీట్: పనికొస్తుందా, పిచ్చి ముదిరిందా?

కూకట్‌పల్లి_కిరణ్
ఆఫీసులో మూడు నెలలకోసారి ఓకేఆర్‌లు రాస్తాం. తెలియనివాళ్ల కోసం: పైన ఒక లక్ష్యం, కింద మూడు నాలుగు కొలవదగ్గ ఫలితాలు, చివర్లో సున్నా నుంచి ఒకటి దాకా మార్కు. 1970ల్లో ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ మొదలుపెట్టారు, 1999లో ఇన్వెస్టర్ జాన్ డోర్ గూగుల్‌కి పట్టుకెళ్లారు. సంక్రాంతి నుంచి నేను ఇంటికీ అదే వాడుతున్నా. లక్ష్యం: ఆరోగ్యం. ఫలితాలు: బరువు 84 నుంచి 79కి, రోజూ 8,000 అడుగుల నడక, బయటి తిండి నెలకు 3,000 లోపు. బాగా పనిచేస్తోంది. మా ఆవిడ మాత్రం ఇల్లు ఆఫీసు చేశావంటోంది. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు
ఇందులో తప్పేముందండీ? లక్ష్యం పెట్టుకుని పని చేయమని మేనేజ్‌మెంట్ గురువు డ్రక్కర్ 1954లోనే చెప్పాడు. "తగ్గాలి" అనుకుంటే ఉగాదికి మర్చిపోతాం, "79" అని రాసుకుంటే రోజూ కళ్లముందు ఉంటుంది. ఒక్క సవరణ: నడక మీరు చేసే పని, ఫలితం కాదు. ఓకేఆర్‌లో పనులు రాయకూడదు. ఆ వరస తీసేయండి.

కూకట్‌పల్లి_కిరణ్
తీయను మాస్టారూ. అది ఉండబట్టే నిన్న రాత్రి పదకొండింటికి కూడా సోఫా చుట్టూ తిరిగి 8,000 పూర్తి చేశా.

సుధారాణి
రాత్రి పదకొండింటికి సోఫా చుట్టూ ప్రదక్షిణలా! అది ఆరోగ్యం కోసమా, వాచీ కోసమా? కొలతనే లక్ష్యం చేసుకుంటే ఆ కొలత చెడిపోతుంది. గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త 1975లో ప్రభుత్వ ద్రవ్య విధానం విషయంలో ఇలాంటిదే చెప్పాడు, మీ సోఫాకీ వర్తిస్తుంది.
మా కంపెనీలో "పెద్ద లక్ష్యాలు పెట్టుకోండి, 0.7 వచ్చినా చాలు" అన్నారు. నమ్మి పెట్టుకున్నా, 0.6 వచ్చింది. పక్క సీటాయన చిన్నవి పెట్టుకుని ఒకటికి ఒకటి తెచ్చుకున్నాడు. హైక్ ఎవరికొచ్చిందో చెప్పక్కర్లేదు. ఈ మార్కుల జబ్బు ఇంటికి కూడా ఎందుకండీ?

డల్లాస్_బావ
డైరీలో రాసుకుంటే పోయేదానికి ఇంత రచ్చ.

లెక్కల_మాస్టారు
సుధారాణి గారూ, అది మీ కంపెనీ చేసిన తప్పు. ఓకేఆర్ మార్కుని జీతానికి ముడిపెట్టకూడదనేదే మొదటి నియమం. పైగా 0.7 సరిపోయేది అందీ అందని పెద్ద లక్ష్యాలకే. తప్పక చేస్తామని మాటిచ్చినవాటికి 1.0 రావాల్సిందే.

సుధారాణి
నియమం కాగితం మీద ఉంటుంది సార్, హైక్ మేనేజర్ చేతిలో ఉంటుంది. మరి పిల్లాడి ఫీజు 0.7 కడితే స్కూల్లో ఊరుకుంటారా?

లెక్కల_మాస్టారు
ఫీజు మాటిచ్చినదాని కిందికొస్తుంది. పైనే చెప్పాను, చదవండి.

పద్మ_గుంటూరు
నాకు ట్రెల్లో యాప్ చాలు. పనుల కార్డులకు మూడు గడులు: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. మధ్య గడిలో మూడు కార్డులకు మించి పెట్టను, అందుకే ఏదో ఒకటి పూర్తవుతోంది. కిరణ్ గారూ, ఇంతకీ మీ షీటులో ఏముందో పూర్తిగా పెట్టండి, చూస్తాం.

కూకట్‌పల్లి_కిరణ్
ఇదిగోండి, ఫలితం, ఓనర్ (బాధ్యత ఎవరిదో), ఇప్పటి స్థితి:
బరువు 79 / నేను / పసుపు
పొదుపు నెలకు 25,000 / నేను / ఆకుపచ్చ
బాబు ఫోను చూసేది రోజుకు గంట లోపు / ఆవిడ / ఎరుపు
కిరాణా, కూరగాయలు 9,000 లోపు / ఆవిడ / ఎరుపు
ఆదివారం సాయంత్రం టీ తాగుతూ రివ్యూ.

సుధారాణి
అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. వ్యక్తిగత లక్ష్యాలన్నారు, సగం ఆవిడ పేరు మీద ఉన్నాయి. ఆ 9,000 ఎవరు రాశారు? కూరగాయల ధర మండిపోతే ఎరుపు ఆవిడకా? బాబు ఫోను మీరు ఇంట్లో ఉన్నప్పుడు చూడడా?

లెక్కల_మాస్టారు
ఈ పాయింటు ఒప్పుకోవాల్సిందే. లక్ష్యాల్లో దాదాపు సగం కింది నుంచి రావాలంటారు. కిరణ్ ఆవిడని ముందే అడగాల్సింది.

సుధారాణి
"కింది నుంచి" అంటే? ఆ ఇంట్లో పైన ఎవరు, కింద ఎవరు మాస్టారూ?

లెక్కల_మాస్టారు
మాట పట్టుకుని లాగకండమ్మా. నేను పద్ధతి గురించి మాట్లాడుతున్నా.

కూకట్‌పల్లి_కిరణ్
అందరూ నా మీద పడుతున్నారు కాబట్టి చెబుతున్నా. ఒక్క జీతం, నెల మొదట్లోనే ఈఎంఐ పోతుంది. ఇరవయ్యో తారీకుకి చేతిలో ఏమీ ఉండదు. డబ్బు ఎటుపోయిందని అడిగితే "నన్ను లెక్క అడుగుతావా" అని రెండు రోజులు మాటలుండవు. షీటులో రంగు మారితే నేను నోరు తెరవక్కర్లేదు కదా అని పెట్టా.

సుధారాణి
అంటే నోటితో అడగలేనిది ఎర్ర గడితో అడుగుతున్నారు. ఆవిడకీ అదే వినిపిస్తోంది. ఓకేఆర్ కాదు, ఏ షీటు పెట్టినా ఇంతే. ఈఎంఐ ఎంతో, చేతికి ఎంత మిగులుతుందో ఆ షీటులో ఉందా? ఆవిడకి తెలుసా?

కూకట్‌పల్లి_కిరణ్
జీతం వివరాలు వేరే ఫైలులో ఉన్నాయి.

పద్మ_గుంటూరు
ఈ షీటులో ఆవిడకి ఎడిట్ చేసే వీలుందా, కనీసం?

కూకట్‌పల్లి_కిరణ్
చూడ్డానికి మాత్రమే ఇచ్చా. ఫార్ములాలు చెరిగిపోతాయని.

లెక్కల_మాస్టారు
ఫార్ములా గడులకు మాత్రమే తాళం వేయొచ్చు. గూగుల్ షీట్ అయితే ఆ గడులు సెలెక్ట్ చేసి డేటా మెనూలోకి వెళ్తే ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్ అని ఉంటుంది.